కుదురు మంజూరైంది

నిశ్చల అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. కడుపులో ఉన్నన్నాళ్ళూ పెద్దగా తన్నలేదు కాబట్టి నెమ్మదైన పిల్ల పుడుతుందని ఆయన అంచనా. బయటికి వచ్చాక ఏమేం చెయ్యాలో ఆలోచించుకుంటూ కదలకుండా ఉండిపోయిందని తల్లి సుభాషిణికి తర్వాత అర్థమైంది.

సుభాషిణి ఆర్టీసీలో కండక్టరు. కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టగలదు. తాగి ఎక్కినవాణ్ణి చెయ్యి వెయ్యకుండా మాటతోనే దింపగలదు. కూతుర్ని అన్నం పళ్ళెం ముందు కూర్చోబెట్టడం మాత్రం ఆమె వల్ల కాలేదు. తొమ్మిదేళ్ళ నిశ్చల ఒక ముద్ద వంటింట్లో, ఒక ముద్ద వరండాలో, మరో ముద్ద పక్కింటివాళ్ళ మెట్ల మీద తినేది. రెండు చెప్పులతో బడికి వెళ్ళి ఒక చెప్పుతో వచ్చేది. మామిడిపళ్ళ లెక్క ఇస్తే, లెక్క మొదలుపెట్టి, పక్కన మామిడిపండు బొమ్మ వేసి, దాన్ని తినడానికి ఒక చిలకని గీస్తుండగానే బెల్లు కొట్టేసేవారు.

ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటే సలహాలకి కొదవేముంది. చిన్నప్పుడు వస ఎక్కువ పోశారని అత్తగారు అంది. దిష్టని పక్కింటావిడ అంది. పెంపకం అని మేష్టారు అనకుండా అన్నారు. ఒక స్వామి తాయెత్తు కట్టాడు. నిశ్చల దాన్ని విప్పి చూస్తే లోపల సినిమా పోస్టరు ముక్క ఉంది. మిగతా ముక్క ఎక్కడుందని ఆ పిల్ల వెళ్ళి స్వామినే అడిగింది.

చివరికి సుభాషిణి కూతుర్ని ప్రభుత్వాసుపత్రిలో పిల్లల మానసిక వైద్యం చూసే డాక్టర్ నస్రీన్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ తొందరపడే మనిషి కాదు. తల్లిని అడిగింది, తండ్రిని అడిగింది, బళ్ళో మేష్టార్ని కనుక్కుంది, పిల్ల ఆడుతుంటే పక్కన కూర్చుని చూసింది, బరువు తూచింది, గుండె విన్నది. అలా కొన్నిసార్లు తిప్పించుకున్నాక విషయం చెప్పింది.

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారమ్మా. తెలుగులో కూడా పేరుంది గానీ, అది నేను పలికేలోపు మీ అమ్మాయి మేడెక్కేస్తుంది. మీ పెంపకంలో లోపం లేదు. పిల్లది పొగరూ కాదు."

ఇంట్లో ఎలా మెలగాలో, బళ్ళో ఎక్కడ కూర్చోబెట్టాలో, పనిని ఎలా ముక్కలు చేసి ఇవ్వాలో ముందు నేర్పింది. అవి కొంత పనిచేశాయి. మిగిలినదానికి పొద్దున్నే ఒక మాత్ర రాసింది.

"ఈ మందు పిల్లని మార్చదు. తనకీ, తను చెయ్యాలనుకున్న పనికీ మధ్య ఉన్న తోపులాట తగ్గిస్తుంది, అంతే. ఆకలి తగ్గొచ్చు, నిద్ర చూసుకోవాలి. నెలనెలా నాకు చూపించాలి."

మాత్ర వేసుకున్నా నిశ్చల చెప్పులు పోగొడుతూనే ఉంది. కానీ ఒక సాయంత్రం ఒక కథ మొదలుపెట్టి చివరిదాకా చదివింది. పుస్తకం మూసి తల్లి పక్కకి వచ్చి కూర్చుంది.

"అమ్మా, ఇంతకుముందు నా బుర్రలో నాలుగు బస్సులకి ఒకేసారి రైట్ రైట్ అంటున్నట్టుండేది. ఇప్పుడు ఒక్క బస్సే కదుల్తోంది."

సుభాషిణి గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్ల ఆ నాలుగు బస్సుల మధ్య ఒక్కతే నిలబడి ఉందని, తను దిగమ్మా దిగమ్మా అని కసురుతూ వచ్చిందని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆ మాత్ర ఊళ్ళో మందుల షాపుల్లో దొరకదు. డాక్టరు సంతకం చూసి ఆసుపత్రి కౌంటర్లోనే ఇస్తారు. ఒక నెల సుభాషిణి వెళ్ళి చీటీ లోపలికి ఇస్తే, కౌంటరులో మనిషి ఒక కొబ్బరిపీచు చుట్టని కిటికీలోంచి బయటికి తోశాడు. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట.

"ఏంటండీ ఇది?"

"కుదురు."

"అది నాకూ కనపడతానే ఉంది. మాత్రలు ఏయి?"

"మాత్రల పద్దు కుదురు పథకంలో కలిపేశారమ్మా. పథకం కింద ఏది వస్తే అది ఇమ్మన్నారు. ఇది వచ్చింది. ఇక్కడ సంతకం పెట్టండి."

వెనక మనిషి తోస్తున్నాడు, డ్యూటీ టైమవుతోంది. సుభాషిణి సంతకం పెట్టింది. వరసలో ఆమె వెనకున్న ఆటో డ్రైవరు కూడా కొడుకు కోసం మాత్రలకి వచ్చాడు. కుదురు చేతికిచ్చాక అటూ ఇటూ తిప్పి చూసి, ఒంటికి పెట్టుకునేదేమో అనుకుని పిల్లాడి మెడలో వేశాడు.

ఇదంతా ఎలా జరిగిందో చెప్పాలంటే పరాంకుశం గారి గురించి చెప్పాలి. ఆయన జిల్లా బాల స్థిరత్వ సాధన విభాగానికి ప్రత్యేకాధికారి. అధికారులకి ఉత్సాహం సీజను జ్వరంలా వస్తుంది. అంతకుముందు ఏడాది ఆయనకి పెరటి తోటలు వచ్చాయి. ఈ ఏడాది ఏదో కొండ మీద చల్లని ఊళ్ళో శిక్షణ తరగతులకి వెళ్ళి ఏకాగ్రత తగిలించుకుని వచ్చారు. పిల్లల్లో కుదురు తగ్గిపోతోందని, దాన్ని పెంచాలని ఆయనకి బలంగా అనిపించింది. పథకానికి అచ్చ తెలుగు పేరు పెట్టాలని పట్టుబట్టి 'కుదురు' అన్నారు. ఉత్తర్వు కూడా స్వయంగా రాశారు.

"జిల్లాలోని ప్రతి విద్యార్థికిని కుదురు కలదో లేదో ప్రధానోపాధ్యాయులు వ్యక్తిగతముగా పరిశీలించవలెను. లేనివారికి తగు కుదురు ప్రభుత్వ వ్యయముతో సరఫరా చేయవలెను. ఈ నిమిత్తము ఆసుపత్రులలో ఇదివరకే అమలగుచున్న మందుల పద్దు ఇందు విలీనము చేయడమైనది."

సరఫరా అంటే ఆయన ఉద్దేశం మాత్రలే. కానీ సరఫరాల గుమాస్తాకి ఆయన ఉద్దేశం అందలేదు, ఉత్తర్వే అందింది. గుమాస్తాకి తెలిసిన కుదురు వాళ్ళమ్మ వంటింట్లో నీళ్ళ కుండ కింద ఉండేది. అతను నిజాయితీపరుడు. టెండర్లు పిలిచి, పీచు నాణ్యత చూసి, లారీల నిండా కుదుర్లు దింపించాడు.

లారీలని చూశాక గానీ పరాంకుశం గారికి పొరపాటు తెలియలేదు. వెనక్కి పంపిస్తే ఉత్తర్వులో తప్పుందని ఒప్పుకున్నట్టు. అధికారి రాసిన ఉత్తర్వులో తప్పుండదు కాబట్టి అర్థమే మారాలి. సాయంత్రానికల్లా రెండో ఉత్తర్వు వచ్చింది. "కుదురు అనగా కుదురే."

నిశ్చల చదివే బళ్ళో హెడ్మాష్టరు ఆనందరావు గారు పిల్లలని వరసగా నిలబెట్టి, ఎవరెవరింట్లో కుదురుందో చెప్పమన్నారు. ఏడో తరగతిలో ఒకడు అంతకు ముందురోజే బడి గంటని విప్పి పిడత కింద పప్పువాడికి అమ్మజూపాడు. వాళ్ళింట్లో మామ్మగారి కాలంనాటి కుండలున్నాయి. వాడికి 'కుదురు కలదు' అని రాశారు. మొదటి బెంచీలో నోట్లో నాలుక లేని పిల్ల ఒకతి ఉంది. వాళ్ళింట్లో ఫ్రిజ్జు. ఆ పిల్లకి 'కుదురు లేదు' అని రాసి, కబురంపి తల్లిదండ్రులని పిలిపించారు.

ఇచ్చిన కుదుర్లని ఏం చెయ్యాలో తెలియక హెడ్మాష్టరు పైకి రాస్తే, మూడో ఉత్తర్వు దిగింది. కుండ కుదురుపై నిలిచినట్లే బాలుడును నిలుచును గనుక, పాఠము జరుగునంతసేపు విద్యార్థులను కుదుర్లపై కూర్చుండబెట్టవలెను. కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి బడి వరండా పొడుగునా కుదుర్లు దొర్లుతున్నాయి. పిల్లలు అంత హుషారుగా ఆడుకోవడం ఆ బడి పుట్టాక ఎవరూ చూడలేదు. సైన్సు మేష్టారు ఒక కుదురు మీద కాలేసి జారి పడి, సెలవు పెట్టారు. ఆనందరావు గారు పథకం 'చురుగ్గా' అమలవుతోందని నివేదిక పంపారు. అందులో అబద్ధమేం లేదు.

మాత్ర లేక నిశ్చల బుర్రలోకి నాలుగు బస్సులూ తిరిగొచ్చాయి. మళ్ళీ తరగతి బయట నిలబడటం, మళ్ళీ సగం లెక్కలు, మళ్ళీ తిట్లు. ఇదివరకు తిట్లు ఆ పిల్లకి తగిలేవి కావు. బుర్ర నెమ్మదిగా ఉంటే ఎలా ఉంటుందో రుచి చూశాక, ఇప్పుడు తగులుతున్నాయి.

"నేను కూర్చోవాలనే అనుకుంటన్నానమ్మా. కాళ్ళు వినట్లా," అంది ఒకరోజు.

ఆ సాయంత్రం సుభాషిణి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, నిశ్చల గది మధ్యలో కుదురు వేసుకుని, దాని మీద కూర్చుని, రెండు చేతులతో దాని అంచులు గట్టిగా పట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అందరూ అది పనిచేస్తుందంటున్నారు కదా, తనకే చేతకావట్లేదేమోనని ఆ పిల్ల అనుకుంది. మర్నాడు సుభాషిణి సెలవు పెట్టి, కూతుర్నీ కుదుర్నీ వెంటపెట్టుకుని పరాంకుశం గారి ఆఫీసుకి వెళ్ళింది.

డాక్టర్ నస్రీన్ అప్పటికే ఆయనకి చాలా ఉత్తరాలు రాసింది. కుదురు సరఫరా అయిన చోట మందు అవసరం ఉత్పన్నం కాదని జవాబొచ్చింది.

పరాంకుశం గారు తిరిగే కుర్చీలో కూర్చుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒక ఫోను ఎత్తి, మాట సగంలో ఉండగా రెండోది ఎత్తారు. బెల్లు కొట్టి, బంట్రోతు వచ్చేసరికి ఎందుకు కొట్టారో మర్చిపోయారు. పెన్ను మూత తీశారు, పెట్టారు, తీశారు. నిశ్చల ఆయన్ని శ్రద్ధగా చూసింది.

"అమ్మా, సార్‌కి ఎన్ని బస్సులు?" అని మెల్లిగా అడిగింది.

సుభాషిణి ఆ పిల్ల చెయ్యి నొక్కి, సంగతంతా చెప్పింది. ఆయన విన్నంతవరకు విన్నారు.

"మీ అమ్మాయికి కుదురు మంజూరైంది. ముట్టినట్టు మీ సంతకం ఉంది. ఒకే లబ్ధిదారుకి రెండు విధాల కుదురు ఇవ్వడానికి నిబంధనలు అంగీకరించవు."

"మా పిల్లకి జబ్బుంది సార్. డాక్టరమ్మ రాసిచ్చింది."

"అమ్మాయి పేరు?"

"నిశ్చల."

"చూశారా మరి. ప్రభుత్వ రికార్డుల్లో నిశ్చల అని నమోదైన బాలికని చంచలమైనదిగా నేనెలా పరిగణించను? ముందు పేరు మార్పించుకుని రండి. అప్పుడు పరిశీలించే అవకాశం ఉంటుంది."

"పేరు మారిస్తే మాత్రలిస్తారా సార్?"

"పరిశీలిస్తామన్నాను." ఆయన మళ్ళీ బెల్లు కొట్టారు. ఈసారి ఎందుకు కొట్టారో గుర్తుంది. "అయినా మీ తృప్తి కోసం పరీక్ష పెడతాను. నీళ్ళు తీసుకురా."

పరీక్ష ఆయన అప్పటికప్పుడు కనిపెట్టిందే. నిశ్చల నెత్తి మీద కుదురు పెట్టి, దాని మీద చెంబెడు నీళ్ళు పెట్టి, తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా నడవమన్నారు. నిశ్చలకి అలాంటి ఆట ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. ఊపిరి బిగబట్టి నడిచింది. కిటికీ దగ్గర గుండ్రంగా తిరిగింది. మోకాళ్ళు వంచి లేచింది. ఒక్క చుక్క తొణకలేదు.

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

"కొత్త ఆటయితే ఎంతసేపయినా చేస్తది సార్," అంది సుభాషిణి. "అదే కూర్చోబెట్టి ఒక్క ఎక్కం రాయించండి చూద్దాం."

ఆయన వినే స్థితిలో లేరు. లారీలు దిగిన రోజునుంచీ ఆయన గుండెల మీద ఉన్న బరువు ఆ చెంబుని చూడగానే దిగిపోయింది. కుదురు పనిచేసింది. సాక్ష్యం ఎదురుగా నిలబడి నెత్తి మీద చెంబుతో గెంతుతోంది.

రాబోయే పథకం ఉత్సవానికి రాజధాని నుంచి పెద్దాఫీసరు వస్తున్నారు. కుదురు వల్ల కుదుటపడిన తొలి బాలికగా నిశ్చల ఆరోజు వేదిక మీద, ప్రసంగాలు అయ్యేదాకా కుదురు మీద కూర్చోవాలని తీర్మానమైంది. ఆహ్వానపత్రికల మీద పేరు కూడా వేయించారు.

టౌన్‌హాల్లో రిహార్సల్ పెట్టారు. పరాంకుశం గారు ప్రసంగం మొదటి పేజీ చదివేసరికి నిశ్చల కుదురు మీద లేదు. రెండో పేజీకి కుదురు కూడా కనిపించలేదు. మూడో పేజీలో మైకు ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ వెతికితే, ఆ పిల్ల వేదిక కింద దూరి, ఏ తీగ లాగితే ఏది ఆగుతుందో చూస్తోంది.

పరాంకుశం గారు చెమట తుడుచుకుంటూ సుభాషిణిని తెర వెనక్కి పిలిచారు. గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా, మునుపేదో మాత్ర ఉండేదన్నారు."

"ఉండేది సార్."

"అది ఒకటి... ఆ ఒక్క పూటకీ..."

"ఒక్కపూట వేసి కూర్చోబెట్టటానికి మా పిల్లేం బొమ్మ కాదు సార్. డాక్టరమ్మ చూడాలి. ఆమె చెప్పినట్టు రోజూ వెయ్యాలి."

"తెప్పిస్తాను. కానీ మూడో కంటికి తెలియకూడదు."

సుభాషిణికి బస్సు ఎక్కడ ఆపాలో తెలుసు. "ఇంకో మాట సార్. అంత పెద్ద స్టేజీ మీద ఒక్క పిల్ల ఏం ఆనుద్ది? నస్రీన్ మేడం చూసే పిల్లలు ఇంకా ఉన్నారు. మందు లేక అందరూ కుదుర్లు మోసుకుని తిరుగుతున్నారు. వాళ్ళందర్నీ వరసగా కూర్చోబెడితే ఫోటో నిండుగా ఉంటది."

పరాంకుశం గారికి ఆ ఫోటో కళ్ళ ముందు కనిపించింది. రాజధాని పేపర్లో, మొదటి పేజీలో.

వారంలో మాత్రలు వచ్చాయి. కుదుర్లు ఉండగా మాత్రలెందుకని ఆడిట్‌లో అడుగుతారు కాబట్టి, 'కుదుర్లకు పట్టించు నూనె' అని రాసి తెప్పించారు. డాక్టర్ నస్రీన్ డబ్బా మీద తేదీ మాత్రం చూసుకుంది. "నూనంటే నూనే," అంది. పిల్లలందర్నీ మళ్ళీ పరీక్ష చేసి, ఎవరికెంతో చూసి రాసింది. ఒకరిద్దరికి మందు అక్కర్లేదని చెప్పింది. అలా మిగిలిన మాత్రలు చూసి పరాంకుశం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఉత్సవం రోజున సభికులందరికీ తలా ఒకటి పంచితే ఎలా ఉంటుందని అడిగారు.

"జబ్బు లేనివాళ్ళకి ఇవ్వనండీ," అంది నస్రీన్. "ప్రసంగాల వల్ల వచ్చే కదలికకి మా దగ్గర మందు లేదు."

ఉత్సవం రోజున పిల్లలు వేదిక మీద వరసగా కుదుర్ల మీద కూర్చున్నారు. కింద ముందు వరసలో అధికారులు ఫోన్లు చూసుకుంటూ, లేస్తూ, టీకి వెళ్ళొస్తూ, మళ్ళీ ఎవరో పిలిస్తే బయటికి పోతూ ఉన్నారు. ఆ హాల్లో ఉన్నచోట ఉన్నది ఆ పిల్లలే. ఆటో డ్రైవరు కొడుకు ఒక్కడు కాలు ఊపుతున్నాడు, అదైనా చాలా మర్యాదగా. పరాంకుశం గారు కుదురు ప్రాచీనత గురించి మాట్లాడారు. సుభాషిణి హాలు చివర నిలబడి కూతుర్నే చూస్తోంది.

పెద్దాఫీసరు పిల్లల మధ్యకి వచ్చి, నిశ్చల ముందు వంగి మైకు పెట్టారు.

"ఎలా ఉందమ్మా ఈ కుదురు?"

"గుచ్చుకుంటోందండీ," అంది నిశ్చల. "పొద్దున్నే మాత్ర వేసుకున్నాను కాబట్టి ఓర్చుకుంటన్నాను."

పరాంకుశం గారు కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. మాత్రలు మళ్ళీ పోయినట్టే అనుకుంది సుభాషిణి. నిజం చెప్పినందుకు కూతుర్ని తిట్టబుద్ధి కాలేదు, మెచ్చుకునే ధైర్యమూ లేదు.

పెద్దాఫీసరు గంభీరంగా పక్కనున్న పీయే వైపు తిరిగారు.

"రాసుకోండి. గుచ్చుకుంటోందట."

అలా రెండో దశ మంజూరైంది. మర్నెల సుభాషిణి కౌంటరు దగ్గరికి వెళ్తే, ఎర్ర వెల్వెట్టు గుడ్డ కుట్టిన కుదురు బయటికి వచ్చింది.

"మాత్రలెక్కడండీ?"

"నూనె పద్దు ఫంక్షను వరకేనమ్మా."

ఆమె అక్కణ్ణుంచి అలాగే ఆఫీసుకి వెళ్ళింది. పరాంకుశం గారి మెడలో ఇంకా ఎవరో వేసిన దండ ఉంది. మిగతా జిల్లాల వాళ్ళు ఈ పథకం చూసి వెళ్ళడానికి వస్తున్నారట. ఆయన కుర్చీ మునుపటికంటే జోరుగా తిరుగుతోంది.

"ఎప్పుడొస్తారు సార్ వాళ్ళు?"

"చెప్పి వస్తారా? ఆకస్మిక తనిఖీ. ఏ రోజైనా, ఏ బడికైనా రావచ్చు."

"ఏ రోజైనా అంటే," అంది సుభాషిణి, టిక్కెట్టు చింపి ఇచ్చినంత మామూలుగా, "రిహార్సల్ రోజూ ఉండాలిగా సార్ మరి."

కుర్చీ ఆగింది. ఆయన అందులో ఉండగా అది ఆగడం ఆమె చూడ్డం అదే మొదటిసారి.

ఇప్పుడు జిల్లాలో 'నిత్య రిహార్సల్' కింద మాత్రలు క్రమం తప్పకుండా వస్తున్నాయి. డాక్టర్ నస్రీన్ పిల్లలని నెలనెలా చూస్తోంది. రికార్డుల్లో మాత్రం ఆమె దగ్గర జబ్బు పిల్లలెవరూ లేరు, కళాకారులున్నారు. ఆసుపత్రి వరండాలో తల్లులు ఒకరినొకరు, మీవాడు పొద్దున రిహార్సల్ వేసుకున్నాడా అని పలకరించుకుంటున్నారు. తనిఖీకి ఎవరైనా ఇంటికొస్తే బావుండదని నిశ్చల నాన్న ఒక కుండ కొనుక్కొచ్చి వెల్వెట్టు కుదురు మీద పెట్టాడు. అది పెట్టిన చోటే ఉంది. ఆ పథకం వల్ల నిజంగా కుదురు చిక్కింది దానికొక్కదానికే.

మొన్న ఆదివారం నిశ్చల ఆ కుండ పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటూ, తల ఎత్తింది.

"అమ్మా, రోజూ రిహార్సలే అంటారు. అసలు నాటకం ఎప్పుడు?"

"అది వాళ్ళు ఆడతానే ఉన్నారులే," అంది సుభాషిణి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ. "నువ్వు లెక్క కానియ్."

కాసేపటికి వెళ్ళి చూసింది. లెక్క చివరిదాకా చేసి ఉంది, జవాబు సరిగ్గానే వచ్చింది. దాని పక్కన మామిడిపండు ఉంది, పండు మీద చిలక ఉంది.